సున్నుండ మీద నీలాపనింద

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పాపం, వాళ్ళు అమెరికా రాలేదు. వచ్చి ఉంటే, "ఇల్లు కొని చూడు, ఆ ఇంట్లో సామాను అమర్చి చూడు, ఆ సామాను మధ్యన కుక్కని పెంచి చూడు" అని ఇంకో మూడు ముక్కలు కలిపి ఉండేవాళ్ళు. మా ఇంట్లో ఈ మూడూ అయ్యాయి. ఆ భాగవతం మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఇంటి సంగతి. మా ఫ్రీమాంట్ ఊరు ఒక ఊరు కాదు, అయిదు ఊళ్ళు. నైల్స్, సెంటర్‌విల్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు పల్లెలు 1956లో కలిసి ఒక పట్నం అయ్యాయి. తర్వాతి ఏళ్ళలో వాటి మధ్యనున్న తోటలూ పొలాలూ పోయి వరసగా ఇళ్ళు లేచాయి. మాది ఆ రోజుల్లో కట్టిన ఇల్లే. ఇర్వింగ్టన్ వైపు, ఒకటే అంతస్తు. ముందు గది, వంటిల్లు, వాటి వెనక రైలుపెట్టెలాంటి పొడుగాటి నడవ, నడవకి రెండు పక్కలా పడకగదులు, చిట్టచివర ఒక బాత్రూము. ఈ నడవని కాస్త గుర్తుపెట్టుకోండి. కథంతా అక్కడే జరుగుతుంది.

2018లో ఆ ఇల్లు కొన్నాక మా దగ్గర మిగిలింది తాళంచెవులు మాత్రమే. అంతకుముందు బార్ట్ స్టేషను దగ్గర రెండు గదుల అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. అక్కడి సామానంతా ఒక్క ట్రిప్పులో చిన్న అద్దె ట్రక్కులో పట్టేసింది. ఎవరో ఇండియా వెళ్ళిపోతూ ఇచ్చిన సోఫా, గరాజి సేలులో పది డాలర్లకి కొన్న బల్ల, కాలు కింద మడిచిన కాగితం పెడితే తప్ప నిలబడని పుస్తకాల బీరువా. కొత్త ఇంట్లో అవన్నీ పరిచి చూసుకుంటే, పెళ్ళివారు వెళ్ళిపోయిన కళ్యాణమంటపంలా ఉంది.

ఇక అక్కణ్ణించి మొదలైంది యజ్ఞం. కోట్లు తగిలించుకోవడానికి కట్టిన అలమర తలుపులు తీసేసి, అడ్డంగా మూడు అరలు కొట్టించి పూజగది చేశాం. కాలిఫోర్నియాలో కోట్లకేం పని, దేవుళ్ళకే చోటు కావాలి. ఎనిమిదిమంది కూర్చునే భోజనాల బల్ల కొన్నాం. దాని మీద పిల్లల హోంవర్కు, ఉత్తరాలు, మావారి కంప్యూటరు, ఉతికిన బట్టలు, ఇలా భోజనం తప్ప అన్నీ జరుగుతాయి. నైల్స్‌లో పాత సామాన్లమ్మే దుకాణాలున్నాయి. నైల్స్ అంటే సామాన్యమైన చోటు కాదు. 1915లో చార్లీ చాప్లిన్ అక్కడి ఎస్సానే స్టూడియోలో సినిమాలు తీశాడు. మావారు ఆ వీధిలో ఒక పాత చెక్క బెంచీ కొనుక్కొచ్చి, దీని మీద చాప్లిన్ కూర్చుని ఉండవచ్చునని వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉంటారు. రుజువులు లేవు. అడిగినవాళ్ళూ లేరు.

ఇల్లు ఓ కొలిక్కి వస్తోందనుకునే వేళకి పిల్లలు కుక్క కావాలన్నారు. మావారు ససేమిరా అన్నారు. మా అమ్మాయి మూడు నెలలు సత్యాగ్రహం చేసింది. 2021 వేసవిలో అందరం కలిసి స్టీవెన్సన్ బులవార్డు మీదున్న ట్రైసిటీ యానిమల్ షెల్టరుకి, చూసి వద్దామని వెళ్ళి, తీసుకుని వచ్చాం. మూడు నెలల ఆడపిల్ల. వేయించిన మినప్పిండి రంగు, ఎత్తెంతో వెడల్పూ అంతే. మా అబ్బాయి చూడగానే "సున్నుండ!" అన్నాడు. అదే పేరు స్థిరపడింది. కుక్కల డాక్టరు దగ్గర దాన్ని "సనూండా" అని పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఆ గదిలో వాళ్ళంతా మావైపు చూస్తారు.

కుక్కపిల్ల ఎన్ని నెలలదో ఆ అంకెకి ఒకటి కలిపితే, అన్ని గంటలు ఆపుకోగలదని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. ఆ లెక్కన మూడు నెలల సున్నుండ నాలుగు గంటలు ఆపుకోవాలి. అంతసేపు అది ఎన్నడూ ఆపుకున్నది లేదు. అంచేత నిద్రలేవగానే ఒకసారి, తినగానే ఒకసారి, ఆటయిపోగానే ఒకసారి పెరట్లోకి పరుగెత్తడం, అక్కడ పని కాగానే "శభాష్ సున్నుండా!" అని నలుగురం చప్పట్లు కొట్టడం. ఎం.బి.బి.ఎస్. పాసయినప్పుడు నాకు కూడా అన్ని చప్పట్లు పడలేదు.

కుక్కలు పెంచుతున్నవాళ్ళకి పనికొస్తుందని రెండు విషయాలు చెబుతాను. ఇంట్లో పాడుచేసి పోయిన పది నిమిషాలకి మనం వెళ్ళి తిడితే, దేనికి తిట్టామో కుక్కకి తెలియదు. మన మొహం చూసి భయపడుతుంది, ఈసారి మనకి కనపడకుండా సోఫా వెనక్కి వెళ్ళి పోస్తుంది. రెండోది, శుభ్రం చేసే పద్ధతి. ముందు పొడిబట్టతో అద్ది పీల్చాలి తప్ప రుద్దకూడదు. అమ్మోనియా ఉన్న ద్రావకాలు వాడకూడదు. మూత్రంలోని యూరియా విరిగితే వచ్చేది అమ్మోనియాయే కనక, "ఇదే నీ చోటు" అని బోర్డు కట్టినట్టవుతుంది. ఎంజైములుండే ద్రావకం, కార్పెట్టు కిందనున్న మెత్తలోకి కూడా దిగేటట్టు పోసి, తొందరపడకుండా ఆరనివ్వాలి. పైపైన తుడిస్తే మన ముక్కుకి పోయినట్టే ఉంటుంది, దాని ముక్కుకి పోదు. వాసన పట్టే కణాలు మన ముక్కులో 50, 60 లక్షలైతే కుక్క ముక్కులో 20, 30 కోట్ల దాకా ఉంటాయని చెబుతారు. అంత ముక్కుని మోసం చేయడం మనవల్ల అయ్యే పని కాదు.

ఏడాది తిరిగేసరికి సున్నుండ మంచి బుద్ధిమంతురాలయింది. పెరటి తలుపు దగ్గర కూర్చుని ఒకసారి "భౌ" అంటే అర్థం మా అందరికీ తెలుసు. ఈలోగా పాత కార్పెట్టు మాత్రం స్వర్గస్థమయింది. 2023 చివర్లో దాన్ని పీకించి, మావారు ముచ్చటపడి, మీగడ రంగు కార్పెట్టు వేయించారు. ముందుగది నించి నడవ చివర దాకా అదే. వేసిన వారంరోజులూ ఆయన మునివేళ్ళ మీద నడిచారు.

2024 మార్చిలో మా అత్తయ్యగారు తెనాలి నించి ఆరు నెలలకి వచ్చారు. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. నలుగురు పిల్లల్ని కని, పాడీ పంటా చూసుకుని, మామయ్యగారు పోయాక కూడా ఒక్కరే ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. కుక్క అంటే భయం లేదుగానీ, కుక్క ఉండాల్సింది వీధి అరుగు అవతల అన్నది ఆవిడ సిద్ధాంతం. వాళ్ళింట్లోనూ రాజు అని ఒక కుక్క ఉండేదట, పధ్నాలుగేళ్ళు బతికింది, ఒక్కనాడూ గడప దాటలేదట. "సోఫా మీద కుక్కేమిటే అమ్మాయ్! లక్ష్మి నిలుస్తుందా?" అన్నారు వచ్చిన రోజునే. వంటింటి గుమ్మం దగ్గర ఒక గీత గీశారు. నిజంగానే, ముగ్గుపిండితో. విచిత్రం, సున్నుండ ఆ గీత దాటేది కాదు. గీతకి అవతల పడుకుని, ఆవిడ పప్పు పోపు పెడుతుంటే కళ్ళార్పకుండా చూసేది. రాత్రిళ్ళు ఫ్యామిలీ రూములో తన పరుపు మానేసి, వెళ్ళి అత్తయ్యగారి గది తలుపుకి అడ్డంగా పడుకోవడం మొదలుపెట్టింది. "దీనికి నామీద ఎందుకింత ప్రేమ?" అని విసుక్కునేవారు గానీ, దాన్ని దాటుకుంటూ వెళ్ళేవారే తప్ప లేపేవారు కాదు.

మే నెలలో మొదటి మరక కనిపించింది. నడవ మధ్యలో, అరచేతి వెడల్పున. మీగడ రంగు కార్పెట్టు మీద ఏదీ దాగదు. వారం తిరక్కుండా రెండోది, తరవాత మూడోది. తీర్పు చెప్పడానికి మా ఇంట్లో ఎవరికీ క్షణం పట్టలేదు. మావారు సున్నుండని పిలిచి, మరక చూపించి, ఇంగ్లీషులో చీవాట్లు పెట్టారు. తెలుగులో తిడితే దానికి అర్థం కాదని ఆయన నమ్మకం. మా అమ్మాయి "అది చేయలేదు నాన్నా" అని ఏడుపు. "నువ్వు చూశావా?" "మీరు చూశారా?" ఇదీ వరస. కార్పెట్టు శుభ్రం చేసేవాళ్ళని పిలిస్తే వాళ్ళు వేడి ఆవిరి పట్టించి, డబ్బు తీసుకుని, మరకని ఇంకొంచెం పెద్దది చేసి వెళ్ళారు.

శిక్షణ పూర్తయిన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పాడుచేస్తే ముందు పరీక్ష చేయించాలి. కుక్కలకీ మూత్రంలో ఇన్ఫెక్షను వస్తుంది, చక్కెర వ్యాధి వస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించిన ఆడకుక్కల్లో కొన్నిటికి నిద్రలో తెలియకుండానే కారిపోయే జబ్బు ఒకటుంది. దానికి మంచి మందులున్నాయి. అంచేత సున్నుండని తీసుకెళ్ళాను. అన్ని పరీక్షలూ నిక్షేపంగా ఉన్నాయి. ఇంటికొస్తూ కారులో నేను ఆలోచించినది కుక్క గురించి కాదు.

నేను ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. రోజూ చూసేది డెబ్భై, ఎనభై ఏళ్ళవాళ్ళనే. కుక్క పాడుచేస్తే గోడవార, బల్లకాళ్ళ దగ్గర, పాత వాసనున్న చోట చేస్తుంది. ఈ మరకలన్నీ నడవకి సరిగ్గా నడిమధ్యన, అత్తయ్యగారి గది నించి బాత్రూముకి వెళ్ళే దారిలో ఉన్నాయి. ఆవిడ సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్ళు ముట్టడం మానేశారు. లివర్‌మోర్ గుడికి వెళ్దామంటే, తిరుపతి అయినా వదులుకోగలరుగానీ కారెక్కరు. "అంతసేపు కూర్చోలేనమ్మా, నడుంనొప్పి" అంటారు. వాషింగ్ మెషీను ఉండగా తెల్లవారుఝామున చీర తనే పిండుకుని పెరట్లో కుర్చీ మీద ఆరేస్తున్నారు. ఇవి విడివిడిగా చూస్తే పెద్దావిడ అలవాట్లు. ఒకచోట పెట్టి చూస్తే రోగలక్షణాలు.

తెలిసిపోయింది, సరే. కానీ ఏం చేయడం? ఇదే మాట ఆస్పత్రిలో పేషెంటుతో చెప్పడానికి నాకు రెండు నిమిషాలు చాలు. అత్తగారితో కోడలు ఎలా చెబుతుంది? అందులోనూ ఇల్లంతా కుక్కని నిందిస్తుంటే విని ఊరుకున్న మనిషితో?

ఇంతలో మావారు తుదితీర్పు ప్రకటించారు. శుక్రవారం రాత్రి నించి సున్నుండని బట్టలుతికే గదిలో పెట్టి తలుపు మూసేస్తారట. అప్పటికీ మానకపోతే షెల్టరు వాళ్ళతో మాట్లాడి వేరే ఇల్లు చూడమంటారట. మా అమ్మాయి అన్నం ముందునించి లేచిపోయింది. మావాడు కుక్క మెడ పట్టుకుని కూర్చున్నాడు. అత్తయ్యగారు చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని పళ్ళెంలోకి చూస్తున్నారు.

కుక్కని గదిలో పెట్టిన మర్నాడు నడవలో మళ్ళీ మరక కనిపిస్తే? పిల్లలు ఎగిరి గంతేస్తారు, "చూశారా, సున్నుండ కాదు!" అని. తరవాతి ప్రశ్న, "మరి ఎవరు?" అది నలుగురి ఎదుటా ఆ నడవలో అడగకుండా చూడాలంటే నాకున్నది గురువారం ఒక్క రాత్రి.

అందరూ పడుకున్నాక గ్లాసుతో పాలు పట్టుకుని ఆవిడ గదికి వెళ్ళాను. సున్నుండ లేచి దారి ఇచ్చింది. మరక మాట ఎత్తలేదు, కుక్క మాటా ఎత్తలేదు. మందుల డబ్బా తెరిచి ఒక్కొక్క బిళ్ళా బయటికి తీసి, "అత్తయ్యా, ఈ బి.పి. బిళ్ళ ఎప్పుడు వేసుకుంటున్నారు?" అని అడిగాను.

"రాత్రి పడుకోబోయే ముందు. అక్కడ పొద్దున వేసుకునేదాన్ని, ఇక్కడికొచ్చాక పగలూ రాత్రీ తారుమారై అలా అలవాటయింది."

"ఇందులో నీరు పోయే మందు కూడా కలిసి ఉంది అత్తయ్యా. రాత్రి వేసుకుంటే రాత్రంతా లేవాల్సి వస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకైనా ఆగదు."

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. పాలగ్లాసు పక్కన పెట్టారు.

"ఆ కుక్కని గదిలో పెట్టద్దని చెప్పు అబ్బాయితో," అన్నారు చివరికి. "అదేం చేయలేదు. నేను లేచినప్పుడల్లా నాతో పాటు బాత్రూము దాకా వస్తుంది. బయటే కూర్చుంటుంది. నేను మళ్ళీ వచ్చి పడుకునేదాకా కదలదు. అన్నీ చూసింది. నోరులేనిది కనక సరిపోయింది అనుకున్నాను. నోరులేని దాని మీదకి నెట్టేసి ఎలా ఊరుకున్నానే అని మూడు రాత్రుల నించి కంటిమీద కునుకు లేదు."

నేను చేయి పట్టుకున్నాను. ఆవిడ నా చేయి విడిపించుకుని కళ్ళు తుడుచుకున్నారు. "నాలుగిళ్ళకి పెద్దదాన్ని. కొడుకు ఇంట్లో కార్పెట్టు తడుపుతున్నానని ఎవరితో చెప్పుకోనే?"

ఇక్కడ డాక్టరుగా కాస్త చెప్పనివ్వండి. అరవై అయిదు దాటిన ఆడవాళ్ళలో ప్రతి పదిమందిలో నలుగురికి పైగా ఈ ఇబ్బంది ఉంటుందని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. మగవాళ్ళకీ ప్రోస్టేటు పెరిగి వస్తుంది. కాన్పులతో కటి కండరాలు వదులవడం, చక్కెర, మూత్రంలో ఇన్ఫెక్షను, మలబద్ధకం, కాఫీ టీలు, కొన్ని మందులు, ఇవన్నీ కారణాలే. చాలామంది చేసే పని నీళ్ళు తాగడం మానేయడం. దానితో మూత్రం చిక్కబడి మంట పెడుతుంది, మలబద్ధకం ఎక్కువవుతుంది, ఇబ్బంది తగ్గదు సరికదా పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, చీకట్లో కంగారుగా పరుగెత్తి పడిపోవడం. తుంటి ఎముక విరిగి ఆస్పత్రికి వచ్చిన పెద్దవాళ్ళని, "ఎలా పడ్డారు?" అని అడిగితే, "బాత్రూముకి వెళ్తూ" అన్నమాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. కార్పెట్టు మరక ఎంజైములకి పోతుంది. విరిగిన తుంటి అలా పోదు.

మర్నాడు పొద్దున్నే తెనాలిలో ఆవిడని చూసే డాక్టరుగారితో ఫోనులో మాట్లాడాను. ఆయన సరేనన్నాక బిళ్ళ పొద్దుటికి మారింది. పరీక్ష చేయిస్తే కొంచెం ఇన్ఫెక్షను కూడా ఉంది, మందుతో తగ్గింది. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ బందు అన్నాను. అది మాత్రం నాలుగింటికి ఒప్పందం కుదిరింది. రెండు గంటలకొకసారి, అవసరమున్నా లేకపోయినా వెళ్ళి రావడం. కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం. కెగెల్ అనే అమెరికన్ డాక్టరు 1948లో ప్రచురించిన పద్ధతి అది, ఖర్చులేదు, కూర్చున్నచోటే చేసుకోవచ్చు. అత్తయ్యగారు లలితా సహస్రం చదువుకుంటూ చేసేవారు. ఏకాగ్రత సంగతి నేనడగలేదు. నెల తిరిగేసరికి చాలావరకు నయమయింది. పూర్తిగా పోయిందని చెప్పను. ఎప్పుడైనా ఒకసారి అయ్యేది. కానీ అప్పుడు నన్ను లేపేవారు, చీకట్లో చీర పిండుకునేవారు కాదు.

మావారితో ఆవిడ అనుమతి తీసుకునే చెప్పాను. ఆయన విని ఏమీ అనలేదు. గరాజిలోకి వెళ్ళి చాలాసేపు ఏదో సర్దారు. శనివారం పొద్దున కొట్టుకెళ్ళి, మనిషి నడిస్తే దానంతటదే వెలిగే చిన్న దీపాలు ఆరు తెచ్చి, నడవ పొడుగునా గోడకి కిందగా పెట్టారు. బాత్రూములో పట్టుకునే కడ్డీలు బిగించారు. కమోడు మీద ఎత్తు పెంచే సీటు, పరుపు మీద నీరు దిగని దుప్పటి వచ్చాయి. నడవలో మేం అందానికి పెట్టుకున్న సన్నకాళ్ళ బల్లా, దాని మీది పూలకుండీ, జారే చిన్న తివాచీ గరాజిలోకి పోయాయి. జూన్ నెలలో ఒక ఆదివారం ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని, నడవలోనూ అత్తయ్యగారి గదిలోనూ ఆ మీగడ రంగు కార్పెట్టు కోసి చుట్టబెట్టి, వినైలు పలకలు పరిచారు. నీళ్ళు పడితే తుడిస్తే పోతుంది, పాదం జారదు. చూడ్డానికి చెక్కలాగే ఉంటుంది. ముందుగది కార్పెట్టుకీ నడవకీ రంగు కలవలేదని వచ్చినవాళ్ళు అంటూ ఉంటారు. కలవలేదు, నిజమే.

పిల్లలకి మటుకు అప్పుడు, "డాక్టరు చూసింది, సున్నుండ తప్పేం లేదు" అని మాత్రమే చెప్పాం. వాళ్ళకి అంతకుమించి అక్కర్లేకపోయింది.

జూలై 4 రాత్రి ఇంకో సంగతి జరిగింది. ఫ్రీమాంట్‌లో టపాకాయలు పూర్తిగా నిషేధం. పక్కనే ఉన్న న్యూవార్క్‌లో కొన్ని రకాలకి అనుమతి ఉంది. నిషేధం సంగతి శబ్దానికి తెలియదుగా, ఊరంతా మోత. సున్నుండ వణికిపోతూ వెళ్ళి అత్తయ్యగారి మంచం కింద దూరింది. ఆ భయంలో అక్కడే పాడుచేసింది. నేను వెళ్ళేసరికి అత్తయ్యగారు నేల మీద కూర్చుని, కొంగు దోపుకుని, పాత గుడ్డతో తుడుస్తున్నారు. నన్ను చూసి చూపుడువేలు పెదవుల మీద పెట్టారు.

"అబ్బాయికి చెప్పకు. భయపడింది, అంతే. దానికీ పరువుంటుంది."

ఆ ఏడు వినాయక చవితి సెప్టెంబరు 7, శనివారం వచ్చింది. పిల్లలిద్దరూ ఇంట్లో ఉన్నారు. అత్తయ్యగారు వెళ్ళేది మరుసటి వారమే. పూజయ్యాక ఆవిడే వ్రతకథ చెప్పారు. పాలల్లో చంద్రుణ్ణి చూసిన కృష్ణుడి మీద శ్యమంతకమణి దొంగిలించాడని నింద పడటం, ఆయన అడవికి వెళ్ళి జాంబవంతుడితో పోరాడి మణి తెచ్చి నింద పోగొట్టుకోవడం, ఆ కథ మీ అందరికీ తెలిసిందే. చేతుల్లో అక్షింతలు పట్టుకుని వింటున్న మా అమ్మాయి, "చేయనిది చేశాడని అందరూ ఎందుకు నమ్మారు నాయనమ్మా?" అని అడిగింది.

"చెప్పుకోవడానికి వాళ్ళకి వీలుగా ఉంది కనక," అన్నారు ఆవిడ. ఓ క్షణం ఆగి, "మొన్న మే నెలలో నడవలో మరకలు సున్నుండవి కావమ్మా. నావి. రాత్రిళ్ళు బాత్రూముకి అందుకోలేకపోయేదాన్ని. సిగ్గుపడి చెప్పలేదు. అది నాకోసం మాటపడింది" అన్నారు. పూజ దగ్గర కూర్చుని, మామూలు గొంతుతో, పప్పులో ఉప్పు తక్కువైంది అన్నంత తేలిగ్గా.

మావారు తల ఎత్తలేదు. మావాడు మాత్రం, "నాకూ కిండర్‌గార్టెన్‌లో అయింది నాయనమ్మా, ఇట్స్ ఓకే" అన్నాడు. మా అమ్మాయి వెళ్ళి ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుంది. అత్తయ్యగారు మాకందరికీ అక్షింతలు వేసి, లేచి వంటింటి గుమ్మం దగ్గరకి వెళ్ళారు. గీత అవతల పడుకుని ఉండ్రాళ్ళకేసి చూస్తున్న సున్నుండ నెత్తిన కూడా నాలుగు అక్షింతలు వేశారు. "నీ నీలాపనింద పోయిందే" అన్నారు. అది అక్షింతలు దులుపుకుని, కింద పడ్డ గింజలు నాకేసింది.

ఇదంతా సావనీరులో రాయడానికి నేను జంకాను. కిందటి వారం తెనాలికి ఫోను చేసి మొత్తం చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, "నా పేరు వేయకు, మిగతాదంతా వేయించు. నాలాగా నీళ్ళు మానేసి కూర్చున్నవాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో" అన్నారు. తరవాత సున్నుండ గోళ్ళు కత్తిరించారా అని అడిగారు.

మన సంఘంలో ప్రతి వేసవిలోనూ అమ్మానాన్నలో అత్తమామలో రాని ఇల్లు ఉండదు. వాళ్ళొస్తున్నారంటే మనం కొత్త పరుపులు, కొత్త దుప్పట్లు కొంటాం. ఈసారి దానితోపాటు వాళ్ళ మందుల చీటీ ఒకసారి చూడండి, ఏ బిళ్ళ ఏ వేళకో కనుక్కోండి. వాళ్ళ మంచం దగ్గర నించి బాత్రూము దాకా రాత్రి దీపాలార్పేసి మీరే ఒకసారి నడిచి చూడండి. గుడికి రానంటే నడుంనొప్పేనా అని మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. పండగకి పిలిచినప్పుడు బాత్రూము ఎక్కడో వాళ్ళు అడక్కముందే చూపించండి.

మా ఇంటికైతే ఎప్పుడైనా రండి. కుక్క అంటే భయమున్నవాళ్ళు ముందుగా ఫోను చేస్తే పెరట్లో పెడతాం. చాప్లిన్ బెంచీ మీద చెప్పులు విప్పుకుని నేరుగా లోపలికి రావచ్చు. నడవ చివర తలుపు మీద మా అమ్మాయి బడిలో నేర్చుకున్న తెలుగుతో, దూరం నించి కూడా కనపడేటంత పెద్ద అక్షరాలతో రాసి అంటించింది: "బాత్రూము ఇదే. తొందర లేదు."